అత్త ఎక్కిన గుట్టలు: నాన్నతో బెంగళూరులో మూడు రోజులు

మా మేనత్త పోయి ఏడాదైంది. పదమూడేళ్లు పార్కిన్సన్స్ జబ్బుతో ఉంది. హిందూపురంలో సంవత్సరీకం అయ్యాక నాన్న, "అక్క ఎక్కిన గుట్టల్లో నేనొక్కటీ చూడలేదు" అన్నాడు. అందుకని ఇద్దరం మూడు రోజులు బెంగళూరు వెళ్లొచ్చాం. నాన్నకి అరవై మూడు, మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లని తీసుకుని ఈ చోట్లకి వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అత్త బెంగళూరులో బ్యాంకు ఉద్యోగి. 1984లో బచేంద్రి పాల్ మన దేశం నుంచి మొదటి మహిళగా ఎవరెస్ట్ ఎక్కినప్పుడు పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి దాచుకుంది. రెండేళ్లకి సెలవు పెట్టి ఉత్తరకాశీలో నెహ్రూ పర్వతారోహణ సంస్థలో కోర్సు చేసింది. పెళ్లిచూపులున్నాయి రమ్మని తాతయ్య టెలిగ్రాం ఇస్తే, కోర్సు అయ్యాకే వస్తానని జవాబిచ్చిందట. ఆ తర్వాత ఆదివారమైతే చాలు, సావన్‌దుర్గో రామనగరో నందో, ఏదో ఒక కొండకి.

వెళ్లేటప్పుడు కారు మాట్లాడుకున్నాం కాబట్టి దారిలో నంది గ్రామంలో ఆగాం. నంది కొండ కింద భోగనందీశ్వరాలయం చాలా పాతది. దాదాపు అంతా చదునే, నీడ ఉంటుంది, పెద్దవాళ్లు నిదానంగా చూడొచ్చు. చిక్కబళ్లాపురం జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, దారి అడగడానికి ఇబ్బంది లేదు. కొండ పైకి కూడా రోడ్డుంది, కానీ శని, ఆదివారాల్లో వెళ్లకండి. ఆ రద్దీలో కారులో కూర్చోవడమే సరిపోతుంది.

మొదటి రాత్రి జయనగర్లో ఒక లాడ్జి. లిఫ్ట్ ఉందని ఆన్‌లైన్లో రాశారు. నిజమే, కానీ రోడ్డు నుంచి లిఫ్ట్ దాకా ఏడు మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ లేదు. బాత్రూంలో నున్నటి టైల్స్. నాన్న స్నానం చేసి బయటికొచ్చేదాకా నాకు టెన్షనే. మర్నాడు బసవనగుడిలో కింది అంతస్తు గదికి మారాం. అద్దె ఎక్కువే, అయినా ఆ డబ్బుకి బాధ లేదు. బుక్ చేసేముందు ఫోన్ చేసి, రోడ్డు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లున్నాయో అడగండి.

టిఫిన్‌కి విద్యార్థి భవన్‌కి వెళ్లాం. 1943 నుంచి ఉన్న హోటల్, దోసె గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. శుక్రవారం హోటల్‌కి సెలవు. ఆదివారాల్లాంటి సెలవురోజుల్లో పేరు రాయించుకుని చాలాసేపు నిలబడాలి. అత్తకి చివరి ఏళ్లలో ఇది కుదిరేది కాదు. ఆ జబ్బు మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోవాలి, కడుపులో ప్రొటీన్ ఉంటే సరిగా పట్టదు. మాత్ర వేసుకుని బయల్దేరితే, టేబుల్ దొరికేలోపే ఓపిక అయిపోయేది. శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ ఆమెకి నచ్చేది. ఇడ్లీ, వడ, చట్నీ వెంటనే చేతికిస్తారు. నిలబడే తినాలి, మోకాళ్ల నొప్పులుంటే అది కష్టం.

అత్త అద్దెకున్న ఇల్లు హనుమంతనగర్లో ఉంది. ఇంటావిడ ఆ గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. తలుపు తీయగానే నేల మీద పసుపు టేపు గీతలు కనిపించాయి. మంచం నుంచి బాత్రూం దాకా, అడుగుకొక గీత.

పార్కిన్సన్స్‌లో చెయ్యి వణకడం అందరికీ తెలుసు. కాళ్లు నేలకి అతుక్కుపోతాయని చాలామందికి తెలియదు. మెదడులో కదలికలకి అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోయి, తనంతట తానుగా పడాల్సిన అడుగు పడదు. చదును నేల మీద, గుమ్మం దగ్గర, మలుపుల్లో నిలబడిపోతారు. అదే మనిషి ఎదురుగా ఒక గీతో మెట్టో కనిపిస్తే దాన్ని దాటేయగలరు. ఫిజియోథెరపీ అమ్మాయి చెబితే ఆ టేపు నేనే అంటించాను. నాన్న ఆ గీతల మీద ఒక్కొక్కటీ దాటుతూ బాత్రూం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చాడు. ఏమీ మాట్లాడలేదు.

రెండో రోజు సావన్‌దుర్గ. మాగడి వైపు, ఊరికి దాదాపు 50 కిలోమీటర్లు. 1,226 మీటర్ల ఎత్తు, ఆసియాలోనే పెద్ద ఏకశిలల్లో ఒకటి అంటారు. కరిగుడ్డ, బిళిగుడ్డ అని రెండు భాగాలు. బెంగళూరు పాలకులైన కెంపేగౌడుల నాటి కోట, 1791లో బ్రిటిష్ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేన చేతికి పోయింది. బండ మీద నీడ లేదు, కడ్డీలు లేవు, వాన పడితే జారుతుంది. ఎక్కాలంటే అటవీ శాఖ బుకింగ్ ముందే చూసుకోండి. తిరుగు ప్రయాణానికి అక్కడ క్యాబ్ దొరకదు, రానూపోనూ మాట్లాడుకోవాలి. మా డ్రైవర్ చివర్లో వెయిటింగ్ అని అనుకున్నదాని కంటే ఎక్కువ అడిగాడు, కాబట్టి ఆ లెక్క కూడా ముందే తేల్చుకోండి. నాన్న కింద వీరభద్రస్వామి గుడి దగ్గర కూర్చున్నాడు. నేను కొంతదూరం ఎక్కాను. చిన్నప్పుడు అత్త ఇక్కడే నేర్పింది: "భయపడి మునివేళ్ల మీద లేవకే, పాదం మొత్తం ఆనించు. బండే పట్టుకుంటుంది."

మూడో రోజు పొద్దున లాల్‌బాగ్ తోట, అందులోని బండ. పెద్దవాళ్లతో వెళ్లడానికి మూడింట్లో ఇదే మేలు. మెట్రో దిగితే పశ్చిమ గేటు దగ్గర, బండ దగ్గరికి మాత్రం డబుల్ రోడ్డు వైపు గేటు నయం. ఈ బండ దాదాపు 300 కోట్ల ఏళ్లనాటిది, భూగర్భ శాఖ వాళ్లు జాతీయ స్మారకంగా గుర్తించారు. పైన కెంపేగౌడ గోపురం.

అత్త చివరిసారి ఎక్కింది ఈ బండే. పదకొండు గంటల మాత్ర వేశాక ముప్పావుగంట ఆగి బయల్దేరాం. గేటు నుంచి చదును దారికి నలభై నిమిషాలు పట్టింది, ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. బండ మొదలవగానే రాతిలో ప్రతి చారా ఆమెకి ఒక గీతే అయింది. పది నిమిషాల్లో పైకి వెళ్లిపోయింది. నేనే వెనకబడ్డాను.

ఇదంతా పైన కూర్చుని నాన్నకి చెప్పాను. చాలాసేపటికి అన్నాడు, "ఓసారి ఫోన్ చేసి నన్ను నంది తీసుకెళ్లరా అంది. గుమ్మం కూడా దాటలేకపోతున్నావు, కొండెక్కడికక్కా అన్నాను."

దిగేటప్పుడు నేను చెయ్యి చాపినా పట్టుకోలేదు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, పాదం మొత్తం ఆనించి దిగాడు.