భయంతో లోబడటం, నమ్మి లోబడటం

శిక్షకు భయపడి మాట వినేవాళ్లు, ఎవరూ చూడనప్పుడు వినరు. అందుకే భయం మీద నిలిచిన అధికారానికి కాపలా ఖర్చెక్కువ.

ఆజ్ఞ ఇచ్చేవారికి ఆ హక్కుందన్న నమ్మకం వేరు. దానికి సంప్రదాయం, నాయకుడి ఆకర్షణ, చట్టం ఆధారాలని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ అన్నాడు. భయం కంటే ఇదే ఎక్కువకాలం నిలుస్తుంది. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేదీ ఇదే. భయపడేవాడికి తాను లొంగానని తెలుసు. నమ్మినవాడికి అది తన బాధ్యతలా అనిపిస్తుంది.

1961లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో, ఎదుటి మనిషికి షాక్ ఇవ్వమని ప్రయోగం నడిపే వ్యక్తి చెప్పాడే గానీ, వినకపోతే శిక్షిస్తామని ఎవరూ బెదిరించలేదు. అయినా ఒక ప్రయోగంలో 40 మందిలో 26 మంది, ఎదుటి మనిషికి 450 వోల్టుల షాక్ ఇస్తున్నామనుకుంటూనే స్విచ్ నొక్కారు (షాకులు ఉత్తుత్తివే, వాళ్లకు తెలియదు). పక్కన తోడుగా పనిచేస్తున్న ఇద్దరు ఎదురుతిరిగిన ప్రయోగంలో మాత్రం 40 మందిలో చివరిదాకా వెళ్లింది నలుగురే.