మూడేళ్ళ హ్యాండ్స్‌ఫ్రీ కిట్: బటన్లన్నీ బాగానే ఉన్నాయి, ఎర్తే కొంప ముంచింది

స్టీరింగ్ మీదున్న ఒక్క మోడ్ బటన్ కోసం, కారులో ఫోను చేత్తో పట్టకుండా మాట్లాడించే ఈ కిట్‌ని మూడేళ్ళుగా భరిస్తున్నాను. భరిస్తున్నాను అన్నాను గానీ, ఇప్పుడు ఎవరైనా వచ్చి తీసేస్తానంటే ఒప్పుకోను.

నాది జీడిపిక్కల బ్రోకరేజీ. ఇల్లు శ్రీకాకుళంలో, పని పలాసలో, వారానికి ఐదు రోజులు హైవే మీదే బతుకు. సీజన్లో ఫోను ఎన్నిసార్లు మోగుతుందో లెక్కపెట్టడం మానేశాను. ఉద్దానం నుంచి రైతు, కాశీబుగ్గ నుంచి జీడిపిక్కల బట్టీ ఆయన, లోడు దింపకుండా ఆపేశారని లారీ డ్రైవరు, ఒకడు పెట్టగానే ఇంకొకడు. ఫోను చెవిలో పెట్టుకుని నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఉంది, 2019 సవరణలో చేతిలో ఫోను పట్టుకోవడం గురించి అందులో విడిగా రాశారు, అదంతా తెలుసు, తెలిసీ అలాగే నడిపాను. మడపాం టోలు దగ్గర ఒకసారి తల ఎత్తేసరికి ముందు లారీ ఆగి ఉంది. బ్రేకు పడింది కాబట్టి ఇది రాస్తున్నాను. మర్నాడే కిట్ సంగతి కనుక్కున్నాను.

కారు 2014 మోడల్. స్టీరింగ్ మీద పాటల బటన్లున్నాయి, అంటే సౌండు పెంచేది, తగ్గించేది, పాట మార్చేవి రెండు, రేడియోకీ పాటలకీ మధ్య మార్చే మోడ్. ఫోను ఎత్తే బటన్ లేదు, ఎందుకంటే కంపెనీ వాళ్ళిచ్చిన స్టీరియోలో బ్లూటూతే లేదు. ఆండ్రాయిడ్ తెర పెట్టించుకోవచ్చు కదా అని అందరూ అడిగేదే. దానికీ స్టీరింగ్ బటన్లు కలపొచ్చు, వెనక కీ1, కీ2 అని వైర్లు కూడా ఉంటాయి, ధర కూడా మరీ తేడా లేదు. నాకు తెర వద్దు. మధ్యాహ్నం ఎండ పడితే దాన్లో నా మొహం తప్ప ఏమీ కనపడదు, పైగా పిల్లలు ఎక్కితే యూట్యూబ్ గోల. పాత స్టీరియో శుభ్రంగా పాడుతోంది, దాన్నెందుకు పీకడం?

కిట్ అంటే సబ్బుపెట్టె అంత డబ్బా, ఒక మైకు, దాంతో పాటు స్టీరింగ్ బటన్లని కిట్‌కి కలపడానికి విడిగా కొన్న అడాప్టరు. డబ్బా వైర్లు స్టీరియో వెనక కప్లర్, అంటే వైర్లన్నీ ఒకచోట గుచ్చే ప్లగ్గు, మధ్యలో దూరతాయి, ఫోను రాగానే పాట ఆగి మాట కారు స్పీకర్లలో వస్తుంది. ఇంతవరకూ ఏ కిట్ అయినా ఇంతే. అడాప్టరుది మాత్రం వేరే సంగతి. దానికి మన బటన్లు నేర్పాలి. నేర్పే మోడ్‌లో పెట్టి ఒక్కో బటన్ నొక్కి పట్టుకుంటే బీప్ మంటుంది, ఈ బటన్ ఈ పనికి అని గుర్తుపెట్టుకుంటుంది. మోడ్ బటన్‌ని ఫోను ఎత్తడానికి, అదే గట్టిగా పట్టి ఉంచితే పెట్టేయడానికి అని నేర్పించాను. బొటనవేలు ఎప్పుడూ ఉండే చోటే ఆ బటన్ ఉంది. చూపు రోడ్డు మీంచి తీయక్కర్లేదు, చెయ్యి స్టీరింగ్ మీంచి తీయక్కర్లేదు. మొదటి నెల రోజులు ఎవరు కారెక్కినా నా ఫోనుకి నేనే వాళ్ళ ఫోను నుంచి చేయించి మరీ చూపించాను.

అన్నట్టు మొదటి వారం ఒక చిన్న తంటా వచ్చింది, తాళం తీసి మళ్ళీ పెట్టేసరికి నేర్పిందంతా మర్చిపోయేది. పసుపు వైరుకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపు వైరుకి తాళం తిప్పాకే రావాలి. బిగించినవాళ్ళు రెండూ తారుమారు చేశారు. విశాఖపట్నం వెళ్ళి మార్పించుకున్నాను, పది నిమిషాల పని. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, రెండు వైర్లే తప్పు కలిపినవాళ్ళు మూడోది, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగెటివ్‌కి పోయే ఎర్తు వైరు, మాత్రం సరిగ్గా కలుపుతారా అని.

ఏడాది పైన ఏ గొడవా లేదు. రెండో ఏడాది వానలు పడ్డాక మొదలైంది. సౌండు తగ్గిద్దామని నొక్కితే పాట మారేది. పాట మారుద్దామంటే ఏమీ జరిగేది కాదు. మర్నాడు పొద్దున చూస్తే అన్నీ బాగుండేవి. సాయంత్రం మళ్ళీ అదే తంతు. వేడికి అనుకున్నాను, ఫోను పాతదైంది అనుకున్నాను, ఫోనే మార్చేశాను (ఎలాగూ మార్చాలి అని మా ఆవిడతో చెప్పాను).

ఆగస్టులో ఒక సాయంత్రం బరంపురం నుంచి సరుకు కొనే పార్టీని పలాసలో ఎక్కించుకుని శ్రీకాకుళం వస్తున్నాను. పెద్ద మనిషి, నెమ్మదిగా మాట్లాడే రకం, నెలన్నర తిరిగితే ఒప్పుకున్న బేరం. బయట కుండపోత, వైపర్లు ఆగడం లేదు. టెక్కలి దాటాక ఫోను మోగింది. స్టీరియో మీద ఊరు, పేరు ఏమీ పడవు కానీ మోత బట్టి పోల్చుకున్నాను, మా కాశీబుగ్గ బట్టీ ఆయన, ఆయనకి వేరే రింగు పెట్టాను. పక్కన పార్టీ ఉండగా ఎత్తడం దేనికని మోత తగ్గించడానికి సౌండు బటన్ నొక్కాను. ఫోను ఎత్తేసింది.

నాలుగు స్పీకర్లలోంచి ఆయన గొంతు. "బావూ, ఆ బరంపురం ఆయనకి నిరుటి పిక్కలు అంటగట్టేసినావా, నేదా?"

మోడ్ గట్టిగా పట్టి ఉంచాను. పెట్టేయాలి కదా, పెట్టలేదు. ఆ సాయంత్రం మోడ్ అంటే మోడ్ కాదు దానికి. సౌండు తగ్గించబోతే పెరిగింది. "ఏటి, ఇనపడతాందా? బస్తాకి మూడొందలు ఇరగ్గొట్టినా నీకు లాభమే బావూ" అని ఆయన అరుస్తూనే ఉన్నాడు. బస్తా అంటే మా దగ్గర ఎనభై కిలోలు, వంద బస్తాల బేరం, లెక్క పక్కన కూర్చున్నాయనకి వెంటనే అంది ఉంటుంది. చివరికి జేబులోంచి ఫోను లాగి, దేనికైతే ఈ కిట్ కొన్నానో ఆ పనే చేసి, ఒంటి చేత్తో స్టీరింగ్ పట్టుకుని వానలో ఫోను కట్ చేశాను. అది నిరుటి సరుకని నేను ముందే చెప్పాను, ఆ ధరకే మాట్లాడాను, దేవుడి మీద ఒట్టు. కానీ ఆ గొంతు విన్నాక ఎవరు నమ్ముతారు? ఆయన చాలాసేపు కిటికీలోంచి వాన చూశారు. నరసన్నపేట వచ్చాక అన్నారు, "మీ కార్లో స్పీకర్లు చాలా బాగున్నాయండీ" అని.

బేరం పోలేదు, సగమైంది.

కిట్ బిగించినవాళ్ళ దగ్గరికి వెళ్తే, మీ స్టీరింగ్ బటన్లు పోయాయి, స్టీరింగ్ లోపల తిరిగే స్పైరల్ కేబుల్ కూడా మార్చాలి, ఎయిర్‌బ్యాగు విప్పాలి, తొమ్మిది వేలవుతుంది అన్నారు. సగం ఒప్పేసుకున్నాను. అడ్వాన్సు ఇవ్వడానికి చేతిలో డబ్బు లేక ఆగాను, అంతే తప్ప తెలివితో కాదు.

ఆ వారంలోనే మధ్యాహ్నం మూడింటికి రణస్థలం దగ్గర పెద్ద వాన పట్టుకుంది. లైట్లు వేశాను. సౌండు నొక్కితే పాట మారింది. పట్టపగలు! లైట్లు ఆపాను, సౌండు సౌండే. వేశాను, పాట మారింది. పక్కకి తీసి ఆపి, నాలుగైదు సార్లు వేసి ఆపి చూశాను, వెనకొచ్చే బండ్లవాళ్ళు సాయం అడుగుతున్నాననుకున్నారో ఏమో ఒకాయన ఆగాడు కూడా. ఇన్నాళ్ళూ సాయంత్రం అనుకున్నది సాయంత్రం కాదు, హెడ్‌లైటు.

శ్రీకాకుళంలో పాలకొండ రోడ్డు వైపు ఒక ముసలాయన ఉన్నాడు, లారీల వైరింగ్ చేస్తాడు, కార్లు పెద్దగా ముట్టుకోడు. లైట్లు వేస్తేనే తప్పు నొక్కుతోంది అని నేను చెప్పగానే నవ్వాడు. స్టీరింగ్ జోలికే పోలేదు. స్టీరియో బయటికి లాగి, మీటరు వైరు ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కి ఇచ్చి, రెండోది బటన్ల ఎర్తు వైరు మీద పెట్టి, "లైటెయ్యి బావూ" అన్నాడు. లైట్లు ఆపి ఉంటే మీటరు దాదాపు సున్నా. వేస్తే 0.4 వోల్టు. ఆపితే సున్నా. నాకు చూపించడానికి మూడుసార్లు వేయించాడు.

సంగతి ఏంటంటే, ఇలాంటి కార్లలో బటన్ బటన్‌కీ విడి వైరు ఉండదు. ఒక వైరు, ఒక ఎర్తు, అంతే. ఒక్కో బటన్ వెనక ఒక్కో విలువ రెసిస్టరు, అంటే కరెంటుని కొంత అడ్డుకునే చిన్న ముక్క, ఉంటుంది. అడాప్టరు ఆ వైరు మీదకి కాస్త వోల్టేజీ పంపుతుంది, బటన్ నొక్కినప్పుడు అది ఎంతకి పడిందో చూసి, ఇంతకి పడితే సౌండు, ఇంతకైతే మోడ్ అని పోల్చుకుంటుంది. మా కాటా లాంటిదే. రాత్రిపూట బటన్ల మీద గుర్తులు వెలగడానికి లోపల చిన్న లైట్లుంటాయి, మా కారులో వాటి కరెంటు కూడా తిరిగి ఆ ఎర్తు వైరులోంచే పోతుంది. ఎర్తు గట్టిగా ఉంటే ఏ తేడా రాదు. నాకు బిగించినవాళ్ళు ఆ వైరుని డాష్‌బోర్డు వెనక రంగు వేసిన ఒక పట్టీ మీద, స్క్రూ కింద నొక్కి వదిలేశారు. రంగు మీద ఎర్తు ఏం పడుతుంది! స్క్రూ మరల్లోంచి ఏదో కొంచెం తగులుతూ ఏడాది లాగింది, వానల తేమకి అదీ తుప్పు పట్టింది. లైట్లు వేస్తే ఎర్తే 0.4 వోల్టు పైకి లేచి కూర్చుంటే, ప్రతి బటన్ పక్క బటన్‌లా కనపడుతుంది. కాటా మీద ఎవడో ముందే కాలు పెట్టి ఉంచితే ప్రతి బస్తా రెండు కిలోలు ఎక్కువ తూగినట్టు.

ఆయన ఆ స్క్రూ విప్పి నాకు చూపించాడు. వైరు రాగి పోగులు పచ్చగా అయిపోయి ఉన్నాయి, వేలితో నలిపితే పొడి రాలింది. ఆ ముక్క కత్తిరించేసి, కొత్త వైరు టాకా వేసి, కొనకి బోల్టు దూరే రింగు లగ్గు పెట్టి, బాడీకి ఉన్న కంపెనీ ఎర్తు బోల్టు దగ్గర గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాడు. మీటరు మళ్ళీ పెట్టాడు, లైట్లు వేసినా ముల్లు కదల్లేదు. బటన్లన్నీ మళ్ళీ నేర్పించాం, నేర్పాక లైట్లు వేసి ఒకసారి, ఆపి ఒకసారి నొక్కి చూశాం. "ఎంతివ్వమంటారు?" అంటే నూటయాభై అన్నాడు. తొమ్మిది వేలు అన్నారని నేను చెప్పలేదు, చెబితే నవ్వుతాడని.

అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పు నొక్కలేదు.

మొదట్లో మైకు అద్భుతం అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను, ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. కిట్ బిగించినవాళ్ళు మైకుని ఏసీ గాలి వచ్చే చోటికి పక్కనే అంటించారు, బ్లోయరు రెండు దాటితే అవతలివాళ్ళకి తుపానులో ఉన్నట్టు వినపడేదట. అద్దం దగ్గరికి, నా నోటికి ఎదురుగా మార్చాక నయం. అయినా మే నెల ఎండలో బ్లోయరు మూడు మీద పెట్టి మాట్లాడితే రైతులు "గట్టిగా చెప్పండి" అంటారు, నేను బ్లోయరు తగ్గించి చెమటలు కక్కుతూ మాట్లాడతాను. తెర లేదు కాబట్టి ఎవరు చేస్తున్నారో తెలియదు, ముఖ్యమైన నలుగురికి విడి రింగులు పెట్టుకున్నాను, మిగతావాళ్ళు అదృష్టం కొద్దీ.

కొనాలా అంటే నేనేం చెప్పను? నాలా రోడ్డు మీదే బేరాలు చేసేవాళ్ళకి, పాత కారులో స్టీరింగ్ బటన్లుండి ఫోను బటన్ లేనివాళ్ళకి పనికొస్తుంది. రోజుకి నాలుగు ఫోన్లు వచ్చేవాళ్ళు పక్కకి ఆపి మాట్లాడుకుంటే సరిపోతుంది. కొత్త కార్లలో చాలావాటికి బటన్ల సంగతి రెసిస్టర్లతో నడవదు, కారులోని భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ నెట్‌వర్క్ మీద సందేశంగా పోతుంది, దాన్ని చదవడానికి ఆ మోడల్‌కే సరిపోయే డీకోడర్ కావాలి, లేకపోతే ఎంత నేర్పినా నేర్చుకోదు, కాబట్టి కొనే ముందు మీ కారు పేరు, సంవత్సరం చెప్పి అడగండి. నా కారులో బటన్ల వైర్లు స్టీరియో వెనక కప్లర్‌లోనే దొరికాయి, స్టీరింగ్ విప్పనేలేదు. ఎవరైనా ముందే స్టీరింగ్ విప్పుతాం అంటే ఎందుకో అడగండి, లోపల ఎయిర్‌బ్యాగు ఉంది, బ్యాటరీ తీసి కాసేపు ఆగకుండా దాన్ని ముట్టుకునేవాళ్ళకి కారు ఇవ్వొద్దు. ఎర్తు ఎక్కడ బిగిస్తున్నారో దగ్గరుండి చూడండి, రంగు గీకారా లేదా చూడండి. అంతకంటే నాకేం తెలియదు, నాకున్నది ఒక్క కారు, ఒక్క కిట్.

వచ్చే ఏడాది కారు మార్చే ఆలోచనలో ఉన్నాం. ఈ కిట్ విప్పి కొత్తదానికి పెట్టుకోవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది. డబ్బా వస్తుంది, వైరింగ్ కప్లర్లు రావు, అడాప్టరు పనిచేస్తుందో లేదో చెప్పలేను, అయినా కొత్తవాటిలో ఫోను బటన్ కంపెనీవాళ్ళే ఇస్తున్నారు అన్నాను. మోడ్ బటన్ మీద అక్షరాలు నా వేలికి ఇప్పటికే సగం అరిగిపోయాయి. బరంపురం ఆయన మొన్న మళ్ళీ కారెక్కారు, కూర్చోగానే మొదట అడిగింది, లైట్లు వేశారా అని.