టెంటా, కళ్యాణ మండపమా? సొంత మోతా, వెనకాల బండా? సూర్యలంక చారిటీ రైడ్‌కి ఏది మేలు

తలసేమియా అనే రక్తపు జబ్బున్న పిల్లల కోసం ఫండ్స్ కలెక్ట్ చేస్తూ హైదరాబాద్ నుంచి బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్ దాకా సైకిళ్ళ మీద వెళ్దాం, రాత్రిళ్ళు టెంట్లేసుకుందాం అని ప్లాన్ మొదలైన దగ్గర్నుంచి అందరూ అడిగేవి ఇవే, ఏ సైకిల్ మంచిది, సామాను సైకిల్‌కి కట్టుకోవాలా వెనకాల బండి రావాలా, టెంట్ కొనాలా వద్దా అని. నేను దేన్నైనా ఒకే లెక్కతో చూస్తాను. గ్రూపులో అందరికన్నా నెమ్మదిగా తొక్కే మనిషి నాలుగో రోజు పొద్దున కూడా ఓపిగ్గా సైకిల్ ఎక్కగలగాలి. స్పీడ్‌గా తొక్కేవాళ్ళు ఎలాగైనా చేరతారు, వాళ్ళ గురించి బెంగ లేదు. చాలామంది ఇంతకుముందు ఊరు దాటి తొక్కనివాళ్ళు, వాళ్ళ ఆఫీసులోవాళ్ళూ చుట్టాలూ వాళ్ళ మొహం చూసే డబ్బులిస్తున్నారు, కాబట్టి వాళ్ళు పూర్తి చెయ్యడమే మనకి ముఖ్యం.

ముందు రూటు సంగతి. కొందరు ఎన్‌హెచ్ 65 అంటున్నారు, చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ, అక్కణ్ణుంచి గుంటూరు మీదుగా బాపట్ల. ఆ రోడ్డుకున్న సుఖాలు కాదనలేం, నాలుగు లేన్లు, దారి పొడుగునా ధాబాలు, పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాల దగ్గర బాత్రూములు, ఏదైనా అయితే 1033కి ఫోన్ కొడితే హైవే హెల్ప్‌లైన్ ఉంది. కానీ లారీలు, ప్రైవేట్ బస్సులు పక్కనుంచి దూసుకుపోతుంటే కొత్తవాళ్ళకి హ్యాండిల్ వణుకుతుంది, పైగా రాంగ్ సైడ్‌లో వచ్చే బైకులు సరిగ్గా మనం తొక్కే అంచులోకే వస్తాయి. సంక్రాంతి వారంలో అయితే ఆ రోడ్డు పేరే ఎత్తొద్దు. ఇంకొందరికి శ్రీశైలం ఘాట్ మీద మనసుంది. నల్లమల అందం గురించి ఎవరికీ పేచీ లేదు గానీ మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలు బంద్, అడవిలో మనిష్టమొచ్చినచోట టెంట్ వెయ్యడానికి వీల్లేదు, ఘాట్‌లో ఎక్కడాలు సరేసరి. నలుగురు బాగా తొక్కేవాళ్ళకి మంచి రూటు, మనలాంటి గుంపుకి కాదు.

నా ఓటు సాగర్ రోడ్డుకే. ఇబ్రహీంపట్నం, మాల్ అనే ఊరి మీదుగా మొదటి రాత్రి కొండమల్లేపల్లి, రెండో రోజు నాగార్జునసాగర్ దాటి మాచర్ల, మూడో రోజు పిడుగురాళ్ళ మీదుగా నరసరావుపేట, నాలుగో రోజు చిలకలూరిపేట, బాపట్ల, సూర్యలంక. మొత్తం మూడొందల కిలోమీటర్ల పైచిలుకు, రోజుకి ఎనభై తొంభై పడుతుంది. ట్రాఫిక్ తక్కువ, ఊళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఊళ్ళో ఆగితే జనం వచ్చి ఎక్కడికి పోతున్నారు, ఎందుకు అని అడుగుతారు, తలసేమియా గురించి చెప్పడానికి అంతకన్నా మంచి అవకాశం హైవే మీద దొరకదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, చిలకలూరిపేట దాటాక మధ్యాహ్నం పూట సముద్రం మీంచి వచ్చే గాలి మొహానికి కొడుతుంది, అందుకని ఆ రోజు పదకొండింటికల్లా బాపట్లలో ఉండేలా బయల్దేరాలి. అలాగని నాలుగింటికే రోడ్డెక్కడం కూడా నాకిష్టం లేదు, డిసెంబర్ జనవరిల్లో పొగమంచు పట్టిందంటే లారీవాడికి మనం కనపడం. వెలుతురొచ్చాకే కదలాలి, టార్చి, వెనకాల ఎర్ర లైటు, మెరిసే జాకెట్ పగలైనా ఉండాలి.

సైకిల్ విషయంలో ఎక్కువ చెప్పను. ఉన్నదాన్ని బాగు చేయించుకోవడమే మేలు, ఈ ఒక్క రైడ్ కోసం కొత్తది కొనక్కర్లేదు. కొనాల్సినవాళ్ళు మాత్రం రోడ్ బైక్, లావు టైర్ల ఎంటీబీ (మౌంటెన్ బైక్), ఆ రెండింటికీ మధ్యరకం హైబ్రిడ్, ఈ మూడింట్లో హైబ్రిడ్ తీసుకోండి. రోడ్ బైక్ సన్న టైర్లు పల్నాడు గుంతల్లో దెబ్బతింటాయి, వంగి కూర్చోవడంతో అలవాటు లేనివాళ్ళకి నడుము పట్టేస్తుంది, చాలావాటికి వెనకాల క్యారియర్ బిగించడానికి బోల్టు రంధ్రాలే ఉండవు. ఎంటీబీ గట్టిదే కానీ ముందున్న షాక్‌లు, బండ టైర్లు రోజంతా మన ఓపిక లాగేస్తాయి. అది ఉన్నవాళ్ళు టైర్లు మాత్రం నున్నటివి వేయించుకుంటే సరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది ట్యూబ్ వాల్వ్. మన ఊళ్ళల్లో పంక్చర్ షాపుల గొట్టం అంతా మోటర్‌సైకిల్ వాల్వ్‌కి పట్టేదే, సన్నగా పొడుగ్గా ఉండే ప్రెస్టా వాల్వ్‌కి అది పట్టదు. షాపతను గొట్టం పెట్టి నొక్కుతాడు, ఉన్న గాలి కూడా బుస్సుమని పోతుంది. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, వాల్వ్ కొన వదులు చేసి దాన్ని పైన తిప్పి బిగిస్తే ఏ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. అలాంటి సైకిల్ ఉన్నవాళ్ళు రెండు అడాప్టర్లు, తమ సైజు ట్యూబులు రెండు దగ్గర పెట్టుకోండి, ఆ ట్యూబులు మాచర్లలో దొరుకుతాయని ఆశపడొద్దు.

ఇప్పుడు అసలు పేచీ, సామాను. వీపు మీద బ్యాగ్ వేసుకుని తొక్కుతాం అనేవాళ్ళకి నేరుగా వద్దనే చెప్తా. ఐదారు కేజీలు వీపున వేసుకుని రోజంతా తొక్కితే ఆ బరువంతా సీటు మీదే పడుతుంది, వీపు చెమటకి తడిసి ఒరుసుకుపోతుంది, రెండో రోజుకి మెడ తిరగదు. మిగిలినవి రెండు, సైకిల్ క్యారియర్‌కి అటూ ఇటూ వేలాడే ప్యానియర్ బ్యాగులు, లేదంటే వెనకాల ఒక టాటా ఏస్. ప్యానియర్లలో ఒక అందం ఉంది, మన ఇల్లు మనతోనే ఉంటుంది, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, డీజిల్ ఖర్చు లేదు, చూసేవాళ్ళకి కూడా వీళ్ళు నిజంగా కష్టపడుతున్నారు అనిపిస్తుంది. టెంట్ రెండున్నర మూడు కేజీలు, స్లీపింగ్ బ్యాగ్ ఒకటిన్నర, బట్టలు, పనిముట్లు, నీళ్ళు, అన్నీ కలిపి పన్నెండు కేజీలు ఇట్టే అవుతుంది. అలవాటున్నవాళ్ళకి పర్లేదు. కొత్తవాళ్ళకి దిగుడులో బ్రేకు వేసినప్పుడు వెనకభాగం ఊగుతుంటేనే గుండె గుభేలుమంటుంది.

బండి పెట్టుకుంటే ఖర్చే. కానీ ఆ బండిలో సామాను ఒక్కటే కాదు, కాలు పట్టేసిన మనిషి, చక్రం సొట్టపోయిన సైకిల్, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె అన్నీ వస్తాయి. అన్నిటికన్నా చివర తొక్కుతున్న మనిషి వెనక్కి తిరిగి చూస్తే బండి కనపడుతుంది, ఆ ధైర్యం ఎంత డబ్బు పెట్టినా ప్యానియర్ బ్యాగులో రాదు. అందుకే పదిమంది దాటితే బండి ఉండి తీరాలి అంటాను, నలుగురైదుగురే అయితే, అందరూ అలవాటైనవాళ్ళైతే ప్యానియర్లే హాయి. బండి ఉన్నా సరే ప్రతి సైకిల్ మీద ఒక చిన్న సంచి ఉండాలి, అందులో ట్యూబు, పంప్, టైరు ఊడదీసే లివర్లు, రెయిన్ కోటు, ఆధార్ కాపీ, కొంచెం క్యాష్, ఇంట్లోవాళ్ళ నంబర్ రాసిన కాగితం. బండి పది కిలోమీటర్లు వెనకుండి సిగ్నల్ లేకపోతే ఆ సంచే దిక్కు.

టెంటా, పైకప్పు కిందా అనేదానికి ఏదో ఒకటే జవాబు కుదరదండి. టెంట్ అంటే ఫొటోలో బాగుంటుంది, నిజంగా కూడా బాగుంటుంది, సాయంత్రం అందరూ ఒకచోట కూర్చుని కబుర్లు చెప్పుకుంటే ఆ గ్రూపు మధ్య వచ్చే దగ్గరితనం లాడ్జి గదుల్లో రాదు. కానీ నేల చూడాలి. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడి నేలలు, ఎండితే నెర్రెలిచ్చి మేకు కొడితే పెళ్ళలు లేస్తాయి, వాన పడితే ఇంక చెప్పక్కర్లేదు, ఆ బంక మట్టి టైరుకీ మడ్‌గార్డ్‌కీ మధ్య కూరుకుని చక్రమే తిరగదు, పుల్లతో గోక్కుంటూ కూర్చోవాలి. కోతలైన చేలల్లో ఎలకలుంటాయి, ఎలకల కోసం పాములొస్తాయి, మన వైపు రక్తపింజర మామూలే. చేను గట్ల మీద, గడ్డివాముల పక్కన టెంట్ వద్దు, జిప్ ఎప్పుడూ మూసే ఉండాలి, పొద్దున బూట్లు దులిపాకే కాలు పెట్టాలి. ఎవరికైనా పాము కరిస్తే కట్లు, కోతలు, మంత్రాలు ఏమీ వద్దు, కాలు కదపకుండా 108కి ఫోన్.

కప్పు అంటే ఊళ్ళో కళ్యాణ మండపం, సత్రం, స్కూల్ వరండా. బాత్రూములుంటాయి, ఆడవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు, చీకట్లో చెంబు పట్టుకుని పొలాల్లోకి వెళ్ళండి అని ఎవర్నీ అనకూడదు. ఫోన్లు, లైట్లు ఛార్జింగ్ అవుతాయి, సైకిళ్ళు లోపల పెట్టి తాళం వెయ్యొచ్చు. ఇబ్బందల్లా ముహూర్తాల సీజన్లో మండపాలు దొరకవు, కార్తీకంలో సత్రాలన్నీ నిండుతాయి. స్కూల్ అయితే హెడ్‌మాస్టర్ గారినీ, ఊరి సర్పంచ్ గారినీ ముందే వెళ్ళి కలిసి అడగాలి, అప్పటికప్పుడు సాయంత్రం ఆరింటికి గేటు ముందు నిలబడితే వాళ్ళనీ ఇరుకున పెట్టినట్టే.

నేను చెప్పేది రెండూ కలిపి. మొదటి రెండు రాత్రులు కప్పు కింద, ఎందుకంటే ఒళ్ళు నొప్పులకి అలవాటు పడేది అప్పుడే, నిద్ర సరిగ్గా లేకపోతే మూడో రోజు కూలబడతారు. మూడో రాత్రి నరసరావుపేట దగ్గర ఏదైనా స్కూల్ గ్రౌండ్‌లో టెంట్లు, బాత్రూము పక్కనే ఉంటుంది కాబట్టి. నాలుగో రాత్రి బీచ్ దగ్గర. సూర్యలంకలో టెంట్లకి లోకల్ పోలీసుల్ని అడగకుండా వెయ్యొద్దు, అక్కడ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ కూడా ఉంది. ఇసకలో మామూలు మేకులు నిలవవు, చిన్న సంచుల్లో ఇసక నింపి తాడు కట్టి మోచేతి లోతు పాతిపెడితే గాలికి కదలదు. సైకిల్ మాత్రం ఇసకలో పడుకోబెట్టొద్దు, ఉప్పుగాలికీ ఇసకకీ చైన్ ఒక్క రాత్రిలో కరకరలాడుతుంది, పొద్దున్నే మంచినీళ్ళతో కడిగి తుడిచి ఆయిల్ చుక్కలు వెయ్యాలి. తెల్లారేసరికి టెంట్ లోపలి వైపు మన ఊపిరి ఆవిరికి తడిసిపోతుంది, రెండు వైపులా గాలి గవాక్షాలు తెరిచి పడుకుంటే కాస్త తగ్గుతుంది.

వంట చేసుకోవడమా, కొనుక్కోవడమా? కొనుక్కోవడమే. ఆ దారిలో పొద్దున ఆరున్నరకల్లా ఇడ్లీ దొరకని ఊరు లేదు, రాత్రికి కర్రీ పాయింట్లున్నాయి. టీకి ఒక్క చిన్న గ్యాస్ స్టవ్ చాలు, దాన్ని టెంట్ లోపల వెలిగిస్తే మంటలోంచి వచ్చే కనపడని విషవాయువే ప్రాణం తీస్తుంది, బయటే వెలిగించాలి. నీళ్ళల్లో కలుపుకునేదానికి మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ పొడి అడగండి, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉండాలి, లీటర్ నీళ్ళకి ఒక పెద్ద ప్యాకెట్. టెట్రాప్యాక్‌లో తియ్యగా ఉండే డ్రింకులు వేరే సరుకు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడాకే 2025 అక్టోబర్‌లో తిండి సరుకుల్ని చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటివాటి మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని ఆర్డరిచ్చింది.

ప్రాక్టీసుకి ఒక ఆదివారం వంద తొక్కేకన్నా శనివారం యాభై, ఆదివారం యాభై తొక్కడం మేలు, నొప్పి పుట్టిన సీటు మీదే మళ్ళీ కూర్చోవడం ఒంటికి నేర్పాలి. కొందరు రైడ్‌కి ముందు రక్తం ఇచ్చేసి బయల్దేరదాం అంటున్నారు, మనసు మంచిదే, కానీ రైడ్ అయ్యాక, బాగా రెస్ట్ తీసుకుని ఇవ్వండి. ఇచ్చిన రక్తకణాలు తిరిగి నిండటానికి వారాలు పడుతుంది, మగవాళ్ళకి 90 రోజులు, ఆడవాళ్ళకి 120 రోజుల గ్యాప్ పెట్టింది అందుకే. ఆ పిల్లలకి రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, మనం తిరిగొచ్చాక కూడా వాళ్ళకి అవసరం ఉంటూనే ఉంటుంది.

డబ్బుల దగ్గర నేను గట్టిగా ఉంటాను. ఎవరి పర్సనల్ యూపీఐకీ కలెక్ట్ చెయ్యొద్దు, నేరుగా ఆ పిల్లల్ని చూసుకునే ట్రస్ట్ అకౌంట్‌కే పంపించండి, రసీదు వాళ్ళే ఇస్తారు. విరాళం మీద ట్యాక్స్ మినహాయింపుకి 80జి అడిగేవాళ్ళకి క్యాష్‌లో రెండు వేలు దాటితే మినహాయింపు రాదని, పాత ట్యాక్స్ పద్ధతిలో ఉంటేనే పనికొస్తుందని ముందే చెప్పండి. బండి డీజిల్, తిండి, మండపం అద్దె మన జేబులోంచే, పిల్లల కోసం ఇచ్చినదాంట్లోంచి ఒక్క టీ కూడా తాగకూడదు.

తిరుగు ప్రయాణానికి రైలా, బండా అంటే బాపట్లలో హైదరాబాద్ రైళ్ళు ఆగుతాయి, మనుషులు రైల్లో రావడమే హాయి. సైకిళ్ళు మాత్రం పార్సిల్‌లో వెయ్యొద్దు, రైలు ఆగే ఆ కాసేపట్లో అన్నీ ఎక్కుతాయన్న నమ్మకం లేదు. హ్యాండిళ్ళు అడ్డంగా తిప్పి, మధ్యలో పాత దుప్పట్లు పెట్టి ఏస్‌లోనే ఎక్కిద్దాం, డ్రైవర్ అన్న రాత్రంతా తోలకుండా అక్కడే పడుకుని పొద్దున బయల్దేరేలా ఆ రోజు బత్తా కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.