డీఎస్3231 గడియారం మాడ్యూల్: టైమ్ పక్కా, డేటా బస్ ఇరుక్కుంటే మాత్రం కరెంటు తీసినా వదలదు

రెండేళ్లుగా వాడుతున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. భీమవరం వైపు రొయ్యల చెరువులకు ఏరేటర్ (నీళ్లలోకి గాలి కలిపే మోటార్) టైమర్లు చేస్తుంటాం, ప్రతి బోర్డులో ఈ నీలం రంగు మాడ్యూల్ ఒకటి ఉంటుంది. టైమ్ విషయంలో వంక పెట్టడానికేం లేదు. క్రిస్టల్ చిప్ లోపలే ఉంటుంది, వేడిని బట్టి తనంతట తానే సరిచేసుకుంటుంది, 0 నుంచి 40 డిగ్రీల మధ్య తేడా 2 పీపీఎమ్ (పదిలక్షల్లో రెండు వంతులు) లోపే, అంటే ఏడాదికి నిమిషం అటూ ఇటూ. పాత గడియారం చిప్ డీఎస్1307తో అయితే నెల తిరిగేసరికి మళ్లీ సెట్ చేయాల్సి వచ్చేది.

అసలు సంగతి వేరే ఉంది. ఒకరోజు తెల్లవారుజామున రైతు ఫోన్ చేశారు. "ఏవండీ, గడియారం 2.10 దగ్గరే ఆగిపోయిందండి, మెయిన్ తీసి వేశాను, అయినా కదల్లేదండి." ఆ వేళకి చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఏరేటర్లు తిరక్కపోతే పంట మొత్తం పోతుంది. ముందు చేత్తో మోటార్లు వేయించి, టెన్షన్‌తో బయల్దేరాను. ఈ చిప్, మైక్రోకంట్రోలర్ మాట్లాడుకునేది ఐ2సీ అనే రెండు వైర్ల బస్ మీద. వెళ్లి మీటర్ పెడితే క్లాక్ వైరు ఎస్‌సీఎల్ మీద 5 వోల్టులు, డేటా వైరు ఎస్‌డీఏ మీద దాదాపు సున్నా. కరెంటు తీసి పెట్టినా అదే కథ. కరెంటు ఆపి, బటన్ సెల్ కూడా ఊడదీసి పెడితే అప్పుడు కదిలింది.

జరిగిందేంటంటే, మోటార్ స్టార్ట్ అయిన నాయిస్‌కి మైక్రోకంట్రోలర్ (బోర్డుని నడిపే చిప్) రీసెట్ అయింది, అదీ సరిగ్గా టైమ్ చదువుతున్న మధ్యలో. అప్పటికి గడియారం చిప్ ఒక సున్నా బిట్ పంపుతూ ఎస్‌డీఏని కిందికి లాగి పట్టుకుని ఉంది, తర్వాతి క్లాక్ వస్తే గానీ వదలదు. కొత్తగా లేచిన కంట్రోలర్‌కేమో లైన్ బిజీగా కనబడుతుంది, అది క్లాక్ ఇవ్వదు. మామూలు సెన్సార్ అయితే కరెంటు పోగానే అన్నీ మరిచిపోతుంది, దీనికి సెల్ ఉంది కదా, ఐ2సీ భాగం కూడా దాని మీద బతికే ఉంటుంది. ఇది డేటాషీట్‌లో పరిష్కారంతో సహా రాసే ఉంది, ఆ పేరా మేం ముందే చదివి ఉండాల్సింది.

ఇప్పుడు మా డ్రైవర్ మొదలవగానే, ఆర్డ్యునోలో ఐ2సీని నడిపే వైర్ లైబ్రరీని పిలవకముందే, ఎస్‌డీఏ పైన ఉందా అని చూస్తుంది. లేకపోతే ఎస్‌సీఎల్‌ని 5 మైక్రోసెకన్లు కిందికి, 5 మైక్రోసెకన్లు పైకి అంటూ తొమ్మిది సార్ల దాకా ఆడిస్తుంది, ఒక బైటుకి ఎనిమిది బిట్లూ, అందిందని చెప్పే ఒక ఏసీకే (ACK) బిట్టూ కాబట్టి తొమ్మిది. ఎస్‌డీఏ పైకి లేవగానే ఒక స్టార్ట్, ఒక స్టాప్ సంకేతం ఇచ్చి మామూలు పనిలోకి వెళ్తుంది. పిన్‌ని ఎప్పుడూ హైగా తోయకండి, ఇన్‌పుట్‌గా మార్చి వదిలేస్తే మాడ్యూల్ మీది పుల్అప్ రెసిస్టరే పైకి లాగుతుంది. ఆర్డ్యునో ఏవీఆర్ బోర్డుల్లో వైర్ టైమవుట్ మనం పెడితే తప్ప ఉండదు, అదీ పెట్టుకోండి, లేకపోతే ప్రోగ్రాం ఆ లైన్ దగ్గరే నిలబడిపోతుంది. లినక్స్ బోర్డయితే ఈ తొమ్మిది క్లాకుల పని కెర్నెల్లో ఉంది, చాలా బస్ డ్రైవర్లకు డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలుండే ఫైల్లో) ఎస్‌సీఎల్, ఎస్‌డీఏ ఏ జీపీఐఓ పిన్‌లో రాసివ్వాలి.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ బస్ గురించి కాదు, సెల్ చార్జింగ్ గురించి. సీఆర్2032 చార్జ్ చేసే సెల్ కాదు, ఈ చవక మాడ్యూళ్లలో మాత్రం డయోడ్, 200 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా దానికి చార్జింగ్ వెళ్తూనే ఉంటుంది, 5 వోల్టుల మీద నడిపితే సెల్ ఉబ్బే ప్రమాదం ఉంది. ఆ రెసిస్టర్‌ని సోల్డరింగ్ ఐరన్‌తో పీకేశాకే బోర్డులో పెట్టండి.