నెలకు రెండు ఆదివారాలు: సంరక్షకుల గ్రూపులో నా మూడేళ్లు

మా అమ్మకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మెల్లగా తగ్గిపోయే జబ్బు, అని తేలి ఐదేళ్లయింది. ఈ జబ్బు ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లు నెలకు రెండుసార్లు కలుసుకునే ఒక గ్రూపుకు మూడేళ్లుగా వెళ్తున్నాను. చేరేముందు ఇలాంటి గ్రూపుల గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను. నాకేమీ దొరకలేదు. నాలాగే వెతికేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అమ్మది తెనాలి. నాన్న పోయాక హైదరాబాద్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాం. సాయంత్రం ఐదు దాటిందంటే చాలు, "దీపాల వేళ అయింది, మా ఇంటికి పోదాం పదవే" అంటూ సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడేది. అన్నం తిని చేయి కడుక్కున్న పది నిమిషాలకే అన్నం పెట్టలేదని ఏడ్చేది. రాత్రి మూడు నాలుగుసార్లు లేచేది. ఆ రెండేళ్లలో నా బీపీ మాత్రలు అయిపోయినా తెచ్చుకోని నెలలున్నాయి. పన్ను నొప్పిని ఎనిమిది నెలలు లవంగంతోనే నెట్టుకొచ్చాను. "అమ్మని అలా వదిలేసి నువ్వు వాకింగ్‌కి పోతే నలుగురూ ఏమనుకుంటారే?" అని మా పిన్ని ఒకసారి ఫోన్‌లో అంది. పిన్ని అన్నది ఆ ఒక్కసారే. అదే మాట నన్ను నేను రోజూ అనుకునేదాన్ని.

అమ్మను చూసే డాక్టరుగారి దగ్గరున్న కౌన్సెలర్ చెబితే గ్రూపుకు వెళ్లాను. ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో గుండ్రంగా వేసిన కుర్చీలు, పది పన్నెండు మంది మనుషులు, గంటన్నర సమయం. ఫీజు లేదు, టీ ఖర్చు అందరం వేసుకుంటాం. అక్కడ విన్నది బయట చెప్పకూడదు. అడగందే సలహా ఇవ్వకూడదు. ఫలానా వేరు, ఫలానా పొడి వాడితే జబ్బు పూర్తిగా తగ్గుతుందని ఎవరూ అనకూడదు. ఈ చివరి నియమం ఎంత గొప్పదో ఇంటికొచ్చే ప్రతి చుట్టం చెప్పే చిట్కాలు వినీ వినీ అలసిపోయినవాళ్లకు తెలుస్తుంది.

మొదటిరోజు ఒక ఫారం ఇచ్చారు. సంరక్షకుల మీద భారం ఎంతుందో కొలిచే జరిట్ ప్రశ్నావళి అది. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం 88. నాకు 57 వచ్చింది. 41 నుంచి 60 మధ్య వస్తే భారం ఓ మోస్తరు నుంచి తీవ్రంగా ఉన్నట్టట. అప్పటిదాకా జబ్బు అమ్మకే కదా, నాకేమైందిలే అనుకునేదాన్ని. ఆ అంకె చూశాక అలా అనుకోలేకపోయాను.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం సమావేశం చివరి పావుగంట. వచ్చేసారికి నా కోసం నేను ఏ ఒక్క పని చేసుకుంటానో ఒక్కొక్కరం చెప్పాలి. తర్వాతిసారి దాన్ని అడుగుతారు. రోజూ గంట యోగా చేస్తానన్నాను. "ఆ గంట అమ్మ దగ్గర ఎవరుంటారు?" అని కౌన్సెలర్ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తగ్గించుకుంటూ వస్తే చివరికి బుధవారం పదింటికి పళ్ల డాక్టరుకు ఫోన్ చేయడం దగ్గర ఆగింది. ఫోన్ చేశాను. మరి వెళ్లడం ఎలా? మాలో ఇద్దరిద్దరికి జత ఉంటుంది. నా జత అక్క వాళ్లాయనకు ఇదే జబ్బు. వాళ్లబ్బాయి ఇంట్లో ఉన్న రోజు చూసుకుని ఆవిడ మా ఇంటికొచ్చింది. అమ్మ ముందు చేటలో చిక్కుడుకాయలు పోసి, ఇద్దరూ కూర్చుని రెండు గంటలు గింజలు ఒలిచారు. అమ్మ ఆవిడను తన చెల్లెలి పేరు పెట్టి పిలిచిందట. మూడు సిట్టింగుల్లో నా రూట్ కెనాల్ పూర్తయింది. కుర్చీలో పడుకుని నోరు తెరిచినప్పుడు నొప్పికి కాదు, ఇన్నాళ్లకు ఒకరు నా వంతు మోస్తున్నారనే ఏడుపొచ్చింది.

సాయంత్రాల గొడవకు దారి దొరికింది కూడా అక్కడే. "ఇదే నీ ఇల్లమ్మా" అని నేను వాదిస్తూ ఉండేదాన్ని. చీకటి పడకముందే లైట్లన్నీ వేయమని, వాదించకుండా తెనాలి ఇంటి గురించే అడగమని, గేటు దాకా నడిపించి తీసుకురమ్మని ఒకాయన చెప్పారు. రోజూ పనిచేయదు. పనిచేసిన రోజులే ఎక్కువ.

ఒకరోజు అమ్మ మీద గట్టిగా అరిచి, చేయెత్తి, బాత్‌రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పని ఆ సంగతి గ్రూపులో చెప్పాను. ఎవరూ తప్పు లేదనలేదు, ఛీ అనలేదు. అరుపు దాకా రాకముందు ఒంట్లో ఏమవుతుందో గమనించమన్నారు. నాకు దవడ బిగుసుకుంటుంది. ఇప్పుడు దవడ బిగిస్తే వంటింట్లోకి పోయి నీళ్లు తాగి వస్తాను.

లోపాలూ చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో పండగ మెసేజీల మధ్య అసలు అవసరం మునిగిపోతుంది. కొందరు అన్నదమ్ముల ఆస్తి గొడవలతో సమయమంతా తీసుకునేవారు, మనిషికి ఐదు నిమిషాలని పెట్టాకే నయమైంది. ఆన్‌లైన్ సమావేశాలు నాకు పనికిరాలేదు, పక్క గదిలో అమ్మ వింటుంటే మనసు విప్పి ఏం మాట్లాడతాం? మగవాళ్లు ఇద్దరే వస్తారు. అన్నిటికంటే ముఖ్యం, గ్రూపు వైద్యం చేయదు. నిరుడు వారాల తరబడి నిద్ర లేక, పొద్దున లేవకపోతే బాగుండుననే ఆలోచనలొచ్చాయి. జత అక్క పక్కన కూర్చుని 14416కు ఫోన్ చేయించింది. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. తర్వాత సైకియాట్రిస్టును కలిసి మందులు వాడాను. ఆ దశలో ఉన్నవాళ్లు గ్రూపు కోసం ఆదివారం దాకా ఆగకండి.

మీ ఊళ్లో గ్రూపు ఉందేమో న్యూరాలజీ, సైకియాట్రీ ఓపీలో అడగండి. 1992 నుంచి ఈ జబ్బు మీద పనిచేస్తున్న ఏఆర్‌డీఎస్‌ఐ (అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా) సంస్థకు హైదరాబాద్‌లో శాఖ ఉంది, అక్కడా అడగొచ్చు. అసలేమీ లేకపోతే, ఓపీ బెంచీ మీద మీ పక్కన కూర్చున్నవాళ్ల నంబరు తీసుకోండి.

అమ్మ జబ్బు ముదురుతోంది. ఇప్పుడు నా పేరు కూడా గుర్తులేదు. అయినా మొన్న ఫారంలో నాకు 38 వచ్చింది. ఈసారి నేను చెప్పిన పని కళ్ల పరీక్ష. గురువారం పదకొండింటికి అక్క వస్తానంది, చిక్కుడుకాయలు తెచ్చిపెట్టాను.