ఏ బ్లాంక్ డిస్కు దేనికి: కడపలో పెళ్లి వీడియోలు రాసిచ్చిన అనుభవంతో

కడపలో పెళ్లి వీడియోల పనిలో చాలా ఏళ్లుగా డిస్కులు రాస్తున్నాను. ఇప్పుడు కుర్రవాళ్లంతా పెన్‌డ్రైవే అడుగుతారు గానీ, పెద్దవాళ్లు మాత్రం "ఒక డీవీడీ గూడా ఇయ్యి నాయనా" అంటారు. బ్లాంక్ డిస్కు కొనేటప్పుడు కంపెనీ పేరు కన్నా ముందు దాని మీదున్న ఆర్ (ఒకసారే రాసేది), ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునేది), ప్లస్, మైనస్ గుర్తులు చూడండి.

డీవీడీల్లో మైనస్ ఆర్ (డీవీడీ-ఆర్), ప్లస్ ఆర్ (డీవీడీ+ఆర్) రెండూ 4.7 జీబీవే. కంప్యూటర్‌లో 4.38 దాకానే చూపిస్తే మోసం అనుకోవద్దు. డిస్కు చేసేవాళ్లు వెయ్యి లెక్కన కడతారు, కంప్యూటర్ 1024 లెక్కన కడుతుంది. మైనస్‌కూ ప్లస్‌కూ తేడా అంతా పాత ప్లేయర్ల దగ్గరే వస్తుంది. పయనీర్ వాళ్ల మైనస్ ఆర్ 1997లో వస్తే, ప్లస్ ఆర్ 2002లో వచ్చింది. అంతకుముందు తయారైన ప్లేయర్లలో కొన్ని ప్లస్ డిస్కు పెడితే "నో డిస్క్" అంటాయి. అందుకే ఊర్లకు వెళ్లేవన్నీ మైనస్ ఆర్ మీదే రాస్తాను. ప్లస్ ఆర్‌కూ ఒక సదుపాయం ఉంది: డిస్కు రాసే డ్రైవ్ ఒప్పుకుంటే డిస్కు రకాన్ని డీవీడీ-రోమ్‌గా (ఆర్ఓఎం, అంటే కంపెనీలో అచ్చయి వచ్చే డిస్కుగా) నమోదు చేయొచ్చు, అప్పుడు మొండికేసే ప్లేయర్లు కూడా చాలావరకు ఆడతాయి.

పెళ్లి మొత్తం ఒకే డిస్కులో కావాలంటే 8.5 జీబీ డబుల్ లేయర్ ఉంది. ధర ఎక్కువ. పైగా ఒక పొర నుంచి రెండో పొరకు లేజర్ మారేచోట కొన్ని ప్లేయర్లలో బొమ్మ క్షణం ఆగుతుంది. అది సరిగ్గా తలంబ్రాల మధ్యలో పడితే ఇంటిల్లిపాదీ "ఏమైందిరా" అంటారు. ఆథరింగ్ (వీడియోను మెనూతో డీవీడీగా కూర్చడం) చేసేటప్పుడు ఆ మార్పును సీను మారేచోటికి జరుపుకోవాలి.

ఆర్‌డబ్ల్యూ సుమారు వెయ్యిసార్లు చెరిపి రాసుకోవచ్చు. మెనూ, పాటలు సరిచూసుకునే ట్రయల్ కాపీకి ఇంతకన్నా మంచిది లేదు. కానీ లేజర్ వెలుతురును తక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి పాత ప్లేయర్లు తడబడతాయి. దాచుకోవడానికి మాత్రం వద్దే వద్దు.

సీడీ-ఆర్ 700 ఎంబీ, 80 నిమిషాల పాటలకు చాలు. కానీ దాని డేటా పొర లేబుల్‌కు సరిగ్గా కింద, పల్చటి పూత చాటునే ఉంటుంది. బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాస్తే లోపలున్నది పోవచ్చు. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య ఉంటుంది, అందుకే పైగీతలను బాగా తట్టుకుంటుంది.

మన ఎండలు మరో సంగతి. ఆర్ డిస్కుల్లో రాత నిలిచేది సేంద్రియ రంగు పొరలో. ఎండా వేడీ దాన్ని పాడుచేస్తాయి. బండల మిద్దె కింద అటక మీద, కారు డ్యాష్‌బోర్డు మీద డిస్కులు పెట్టకండి. కాగితం స్టిక్కర్లూ అంటించకండి, తిరిగేటప్పుడు బ్యాలెన్స్ తప్పుతుంది.

ఎక్కువకాలం నిలవాలంటే 25 జీబీ బీడీ-ఆర్ (ఒకసారే రాసే బ్లూరే డిస్కు) నాకు నచ్చింది. మామూలు రకంలో సేంద్రియ రంగు ఉండదు. అయితే పెట్టె మీద ఎల్‌టీహెచ్ అని ఉంటే తీసుకోకండి, అందులో మళ్లీ ఆ రంగే. బ్లూరే ప్లేయర్లు మన ఇళ్లలో తక్కువ కాబట్టి పెళ్లివాళ్లకు డీవీడీ ఇచ్చి, ఎడిటింగ్‌కు ముందున్న ఫుటేజీని బీడీ-ఆర్‌లో నా దగ్గర ఉంచుకుంటున్నాను.