మస్కీ మొదలుపెట్టేవాళ్లకు చవక రీల్: నేను వాడుతున్న గుండ్రటిది

మస్కీ అంటే ఉత్తర అమెరికా సరస్సుల్లో, నదుల్లో ఉండే పెద్ద వేట చేప. దాన్ని పట్టే రీళ్ల గురించి, అంటే గాలం దారం చుట్టే యంత్రాల గురించి, ఎవరిని అడిగినా ముందు గేర్ రేషియో చెబుతారు, ఆ తర్వాత బేరింగులు లెక్కపెడతారు. ఆ అంకెలన్నీ డబ్బా మీదే ఉంటాయి. నేను కొన్ని సీజన్లుగా వాడుతున్న గుండ్రటి బెయిట్‌కాస్టింగ్ రీల్‌లో (రాడ్ పైన కూర్చుని, విసిరేటప్పుడు దారం చుట్టిన స్పూలే తిరిగే రకం) డబ్బా మీద రాయని గుణం ఒకటుంది. పాడైతే ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్‌తో విప్పి నేనే బాగుచేసుకోగలను. నూట యాభై డాలర్ల లోపు వచ్చిన వస్తువులో ఈ ఒక్కదాని కోసం మిగతా లోపాలు చాలావరకు భరిస్తున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. కింద దాని మీద ఒక ఫిర్యాదు ఉంది. పైగా ఈ తరహా రీళ్లు ఎవరు చేసినా లోపలి అమరిక దాదాపు ఒకటే. స్వీడన్‌లో 1921లో గడియారాల కర్మాగారంగా మొదలైన ఆబు కంపెనీ 1950లలో అంబాసడర్ రీళ్లు తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన గుండ్రటి రీళ్లలో చాలావాటికి అదే నమూనా. కొత్తగా మస్కీ వేటకు వచ్చినవాళ్లకు పాతవాళ్లు ఇప్పటికీ చూపించేది ఈ 6500 సైజు గుండ్రటి రీళ్లనే. చూడ్డానికి పాతకాలం సరుకనిపిస్తుంది. నిజంగానే పాతకాలం సరుకే.

నా పరిస్థితి కూడా ముందే చెప్పాలి, లేకపోతే ఈ మాటలు ఎవరికి పనికొస్తాయో తెలియదు. మేం మినియాపొలిస్ దగ్గర ఉంటాం. నాకు సొంత పడవ లేదు. తెలిసిన కరీంనగర్ అన్న ఒకాయనకు ఉంది. వారాంతాల్లో వీలు చిక్కితే ఆయనతో మిన్నటోంకా సరస్సుకు వెళ్తాను. నేను విసిరేది ఎక్కువగా బక్‌టెయిల్, అంటే ముందు రెండు పెద్ద రేకులు గిర్రున తిరుగుతూ వెనక కుచ్చు ఉండే ఎర. దాదాపు అరకిలో తూగే రబ్బరు చేపల జోలికి పోను. నా భుజానికి ఆ సరదా లేదు.

మస్కీకి కొత్తవాళ్లు బడ్జెట్ వేసేటప్పుడు రీల్ దగ్గర మొదలుపెడతారు. అసలు ఖర్చు చుట్టుపక్కల ఉంది. ఎనిమిదడుగులు దాటిన గట్టి రాడ్, 80 పౌండ్ల లాగుడు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం, ఎరకూ దారానికీ మధ్య కట్టే, పళ్లకు తెగని వంద పౌండ్ల పైబడిన లీడర్, పెద్ద వల, పొడవు ముక్కు పట్టకారు, గాలం ముల్లును కత్తిరించే కట్టర్. చివరి మూడూ లేకుండా ఈ చేప దగ్గరికి వెళ్లడం తప్పని నా అభిప్రాయం. మినెసోటాలో చాలా సరస్సుల్లో 54 అంగుళాల కంటే చిన్న మస్కీని ఉంచుకోకూడదు, కాబట్టి పట్టినదాన్ని దాదాపు ఎప్పుడూ వదిలేయాల్సిందే. బతికి ఈదుకుంటూ పోవాలంటే త్వరగా పడవ దగ్గరికి లాగాలి, త్వరగా ముల్లు తీయాలి. లావు దారం, గట్టి రాడ్ అందుకే. ఇవన్నీ కొన్నాక మిగిలిన డబ్బుతో కొనేది రీల్. మూడు వందల డాలర్లు దాటిన రీల్ కొని వల కొనకుండా వచ్చినవాళ్లను చూశాను.

గేర్ రేషియో గురించి ఒక్క మాట, ఎందుకంటే అందరూ దాని మీదే కొట్టుకుంటారు. నా దానిది 5.3. అంటే హ్యాండిల్ ఒకసారి తిప్పితే స్పూల్ అయిదు చుట్ల పైన తిరుగుతుంది. దారం నిండుగా ఉన్న స్పూల్ అడ్డకొలత అంగుళంన్నర అనుకుంటే ఒక్క తిప్పుకు దాదాపు 25 అంగుళాల దారం వస్తుంది. దూరం విసిరాక స్పూల్ సగం ఖాళీ అయి అడ్డకొలత 1.2 అంగుళాలకు తగ్గితే అదే తిప్పుకు 20 అంగుళాలే. అందుకే రేషియో ఒక్కటే చూసి రీల్ వేగం చెప్పడం కుదరదు, స్పూల్ ఎంత పెద్దదో, ఎంత నిండిందో కూడా చూడాలి. నెమ్మది గేరుకు లాభమూ ఉంది. పదో నంబరు రేకులు రెండున్న బక్‌టెయిల్ నీళ్లలో గట్టిగా వెనక్కి లాగుతుంది, వేగంగా లాగే రీల్ మీద అయితే ఆ బరువు సాయంత్రానికి మోచెయ్యి చెబుతుంది. దీని మీద ఆ బాధ తక్కువ. చిన్న హ్యాండిల్ తీసేసి పొడవాటిది వేసుకున్నాక ఇంకా తగ్గింది. ఆ మార్పు కూడా ఇంట్లో చేసుకున్నదే, ఒక నట్టు విప్పితే సరి.

ఇక అసలు విషయానికి వస్తాను. స్పూల్ ముందు దారాన్ని అటూ ఇటూ నడిపించే గైడు ఉంటుంది కదా, దాన్ని నడిపేది ఒక కడ్డీ. ఆ కడ్డీ మీద రెండు మరలు ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తూ ఉంటాయి. గైడు కింద పాల్ అనే గోరంత లోహపు ముక్క ఆ గాడిలో నాలుక పెట్టి జారుతుంది. కడ్డీ కొసకు చేరగానే నాలుక మళ్లి, రెండో గాడి పట్టుకుని వెనక్కి వస్తుంది. రీల్ మొత్తంలో ఎక్కువగా అరిగేది ఇదే. కొనేటప్పుడు దీని గురించి నాకు ఎవరూ చెప్పలేదు. డబ్బాలో వచ్చిన కాగితం మీద నూనె ఎక్కడెక్కడ వేయాలో బొమ్మ ఉంది. అందులో ఈ కడ్డీకి గుర్తే లేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం, మిన్నటోంకాలో నాచు అంచు వెంట విసురుతున్నాం. ఈ సరస్సులో యురేషియన్ మిల్‌ఫాయిల్ అనే నాచు 1987లో కనిపించింది. ఇప్పుడు ఏ మూల చూసినా అదే. దారానికి చుట్టుకుని వచ్చే పోగులు గైడులోంచి లోపలికి పోతాయి, వాటితోపాటు బురదా పోతుంది. ఆ రోజు గైడు ఎడమ కొసకు వెళ్లి అక్కడే ఆగిపోయింది. నేను తిప్పుతూనే ఉన్నాను, దారం అంతా స్పూల్ ఒక చివర చీమల పుట్టలా పోగుపడుతోంది. అప్పుడే ఎర వెనకాల నల్లటి నీడ లేచింది.

"ఏమైంది తమ్మీ, తిప్పుడు ఆపినవ్?"

"గైడు కదలట్లేదన్నా."

"యెనుక చేప వస్తుంది సూడు! ముందుగాల ఎనిమిదెయ్యి, రీల్ ముచ్చట తర్వాత."

ఎనిమిదెయ్యడమంటే పడవ పక్కన రాడ్ కొన నీళ్లలో ముంచి ఎరను ఎనిమిది అంకె గీసినట్టు తిప్పడం. దానికి రీల్ అక్కర్లేదు, లీడర్ ఒక్కటి బయట ఉంటే చాలు. వేశాను. చేప మొదటి మలుపు తిరిగింది, రెండో మలుపు దగ్గర తోక ఆడించి కిందికి దిగిపోయింది. నలభై అంగుళాల పైమాటే. పట్టలేదని బాధ లేదు, మస్కీ వేటలో ఇలా వచ్చి చూసిపోవడం మామూలే. కానీ అది ఎర అందుకుని ఉంటే, ఒక పక్కకు గుట్టపడిన దారంతో, ఇరుక్కున్న గైడుతో ఏం జరిగేదో ఆలోచిస్తేనే టెన్షన్ వచ్చింది. ఆ తర్వాత చీకటి పడేదాకా అన్న విసురుతుంటే నేను వల పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద పాత పేపరు పరిచి రీల్ ముందేసుకున్నాను. "ఏవండీ, పొద్దున అక్కడే టిఫిను పెట్టాలి, నూనె మరకలు పడితే మీరే తుడవాలి" అని లోపల్నుంచి మాట వచ్చింది. పడలేదు, ఎందుకంటే పని అంత సులువుగా అయిపోయింది. గైడు కింద చిన్న మూత. దాన్ని విప్పితే పాల్ అరచేతిలోకి జారింది. నాలుక అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంది. కడ్డీ గాడి నిండా ఎండిన నాచు, ఇసుక, పాత నూనె కలిసి నల్లటి ముద్ద. పాత టూత్‌బ్రష్‌తో గీకి తుడిచి, చుక్క నూనె వేశాను. రీల్‌తో వచ్చిన విడిభాగాల బొమ్మలో ఆ ముక్క నంబరు చూసి కంపెనీకి రాశాను.

నా కోపమంతా ఇక్కడే. స్టాకులో లేదన్నారు. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. రీల్ పంపితే చూస్తామన్నారు, వాళ్లు చెప్పిన సర్వీసు చార్జీ, రానూపోనూ పోస్టు ఖర్చూ కలిపితే సగం రీల్ వస్తుంది. కొన్ని డాలర్ల ముక్క అది! విప్పుకోవడానికి వీలుగా రీల్ చేసి, విప్పాక వేసుకోవడానికి ముక్క అమ్మకపోతే ఏం లాభం?

గట్టెక్కించింది అన్నే. ఆయన గరాజ్‌లో అదే కంపెనీ పాత రీల్ ఒకటి, ఎవరో అమ్మేస్తుంటే పది డాలర్లకు కొన్నది, దుమ్ము పట్టి ఉంది. దాని పాల్ తీసి దీంట్లో పెడితే సరిగ్గా కూర్చుంది. ఎన్నో ఏళ్ల తేడా ఉన్న రెండు రీళ్లలో ఒకే ముక్క! ఇది మాత్రం నేను ఊహించలేదు. చేసేవాళ్లకు ఒక సూచన: పాల్ పెట్టగానే మూత బిగించేయొద్దు. వేలితో మెల్లగా నొక్కి పట్టుకుని హ్యాండిల్ నెమ్మదిగా తిప్పితే నాలుక గాడిలోకి దిగడం వేలికి తెలుస్తుంది. అప్పుడు మూత పెట్టాలి. గాడి గట్టు మీద నాలుక ఉండగా బిగిస్తే కొత్త ముక్క కూడా పోతుంది. ఆ సీజన్ అయిపోయాక విడిభాగాలు అమ్మే వేరే కొట్టులో దొరికాయి, రెండు కొని మందుల డబ్బీలో వేసి సంచిలో ఉంచుకున్నాను.

ఇంట్లోనే విప్పుకోవచ్చని పైన రాశాను. గైడు, స్పూల్, బ్రేకు ముక్కల వరకు ఆ మాట నిజం. స్పూల్ తీయడానికి చేత్తో తిప్పే స్క్రూలే ఉన్నాయి, పడవలో కూడా తీయొచ్చు. హ్యాండిల్ వైపు గేర్లు విప్పడం వేరే కథ. అక్కడ సన్నటి స్ప్రింగులు ఉంటాయి, చెప్పకుండా ఎగురుతాయి. ఒకటి కార్పెట్‌లో వెతుక్కున్నాను. ఆ వైపు తెరవాల్సి వస్తే ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి తెరవండి, లేదా తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

రీల్ బరువు మూడు వందల గ్రాములు దాటుతుంది, పైగా రాడ్ మీద ఎత్తుగా కూర్చుంటుంది. అరచేతిలో ఇమడదు. నాకు అలవాటైపోయింది, మా అబ్బాయికి మాత్రం మణికట్టు నొప్పి. చిన్న చేతులవాళ్లు కొట్టులో పట్టుకుని చూడకుండా కొనొద్దు. నవంబరులో ఇంకో గొడవ: తడి దారం గైడులో మంచు కడుతుంది, మాటిమాటికీ ఊదుతూ, వేలితో గీకుతూ ఉండాలి. అది ఏ రీల్‌కైనా తప్పదనుకోండి. బ్రెయిడ్ వేసేవాళ్లు స్పూల్ మీద ముందు కొంచెం టేపు గానీ నాలుగు చుట్లు మామూలు నైలాన్ దారం గానీ వేయకపోతే దారం మొత్తం స్పూల్ మీద జారుతుంది. చేప లాగినప్పుడు డ్రాగ్ (దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు) వదులైందేమో అనిపిస్తుంది.

అన్న వాడేది లో-ప్రొఫైల్ రీల్, అంటే రాడ్ మీద పల్లంగా కూర్చునే రకం, దీనికి రెట్టింపు ఖరీదు. చేతిలో పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. మెత్తగా తిరుగుతుంది, వేగంగా లాగుతుంది, రోజంతా విసిరినా చెయ్యి నొప్పెట్టదు. ఒక చలికాలం దాని హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే బేరింగు జారడం మొదలుపెట్టింది. చేప అందుకోగానే రాడ్ ఎత్తితే హ్యాండిల్ గిర్రున వెనక్కి. ఆ లోపల మేం వేలు పెట్టలేకపోయాం, సర్వీసుకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి సరస్సు గడ్డకట్టింది. ఆయన దాని గురించి ఒక్క మాట కూడా చెడుగా అనడు.

నాలాగా వారాంతాల్లో వేరేవాళ్ల పడవలో వెళ్తూ, బక్‌టెయిళ్లు, చెక్క ఎరలు విసిరేవాళ్లకు, ఈ చేప మనకు పడుతుందో లేదో చూద్దామనుకునేవాళ్లకు నేను గుండ్రటి రీలే చెబుతాను. పాతది దొరికితే ఇంకా మంచిది. కొనేముందు హ్యాండిల్ నెమ్మదిగా తిప్పుతూ గైడు రెండు కొసల దగ్గరా చూడండి. మళ్లేచోట తడబడితే పాల్ అరిగినట్టు, ఆ మేరకు ధర తగ్గించమనండి. విడిభాగం దొరుకుతుందో లేదో అడిగాకే డబ్బు తీయండి. సొంత పడవ ఉండి, ప్రతి వారం వెళ్తూ, బరువైన రబ్బరు ఎరలు వేసేవాళ్లకు ఇది సరిపోతుందని నేను చెప్పలేను. ఎప్పుడైనా అన్న బలవంతం మీద అలాంటివి విసరాల్సి వస్తే, ఆయన రీల్ అడిగి తీసుకునే విసురుతాను.